తలుపు వెనక దవాఖాన మూట

నా చిన్నప్పుడు మా ఇంట్లో కత్తెర కావాలంటే ఇల్లంతా తలకిందులు చేయాల్సిందే. మగ్గం మీద బతికే ఇల్లు, ఖిలా వరంగల్‌లో రెండే గదులు. నూలు కండెల కింద ఏది పోయినా ఇక అంతే సంగతులు. ఆ గందరగోళంలో ఒక్కటి మాత్రం ఎప్పుడూ తన చోటనే ఉండేది, తలుపు వెనక కొక్కేనికి వేలాడే మూట.

అది కట్టించింది పక్కింటి అక్క. ఆమె దవాఖానలో ఆయాగా పనిచేసేది. అమ్మకు నెలలు నిండుతున్నాయి, కాన్పుకు కావలసినవి ముందే సర్దుకోండని ఆమె ఎంత చెప్పినా మా నాయనమ్మ ఒప్పుకోలేదు. పుట్టని బిడ్డకు బట్టలు సిద్ధం చేస్తే అచ్చిరాదని ఆమె భయం. ఊరికే పుట్టిన భయం కాదది. అంతకు రెండేళ్ళ ముందు ఉయ్యాలతో సహా అన్నీ తెచ్చిపెట్టుకున్నాక పుట్టిన నా చెల్లెలు మూడో రోజే పోయింది.

అక్క వాదన పెట్టుకోలేదు. "గిది బిడ్డ కోసం కాదవ్వా. ఇంట్ల ఎవరికన్న పానం బాగ లేకుంటె దవాఖానకు ఎత్తుకపోనీకి" అంది. నాయనమ్మ లేచి కండెలు చుట్టుకోవడానికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం అక్కా నేనూ కూర్చుని ఉతికిన పాత చీర ముక్కలు, దుప్పటి, గ్లాసు, సబ్బు, అమ్మ దవాఖాన చీటీ సర్దాం. ఇంత చిన్న గుడ్డలు ఎవరికని అడిగితే, బిడ్డకేనని, ఎవరితోనూ అనొద్దని నవ్వుతూ ఒక మొట్టికాయ వేసింది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ రహస్యం ఎంత బరువో ఆమెకేం తెలుసు! ఆ రోజు నుంచి తలుపు వెనక్కి చూడాలంటేనే నాకు గుండె దడ.

నాన్న దుప్పట్లు అమ్మడానికి నర్సంపేట వెళ్ళిన రోజు పొద్దున్నే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అక్క రెండు రిక్షాలు పిలిచింది. నాయనమ్మ అమ్మను పట్టుకుంది, నేను మూట ఎత్తుకున్నాను. ఎవరూ దేనికోసమూ వెతకలేదు. మా ఇంట్లో అదొక వింతే.

అమ్మను లోపలికి తీసుకెళ్ళాక నర్సమ్మ వచ్చి బిడ్డకు గుడ్డలడిగింది. నేను మూట ఇవ్వలేదు. పొట్టకు కరుచుకుని ఏడుపు లంకించుకున్నాను. ఇది బిడ్డ కోసమే కట్టామని, విప్పితే ఈ బిడ్డ కూడా పోతుందని, తప్పు నాదేనని ఎక్కిళ్ళ మధ్య అంతా చెప్పేశాను. అక్క ముఖం పాలిపోయింది.

నాయనమ్మ నా పక్కన కూలబడి, మెల్లగా నా చేతులు విడిపించి తానే ముడి విప్పింది. మడతల మధ్య నుంచి బుల్లి తెల్లటి జుబ్బా ఒకటి తీసింది. అది అక్క పెట్టింది కాదు, నేను పెట్టిందీ కాదు. అక్క ఎత్తు నాయనమ్మకు మొదటి రోజే అర్థమైందట.

"నేనే కుట్టిన. భయమైతనే ఉండె బిడ్డా, అయినా కుట్టిన" అంది. జుబ్బాను నర్సమ్మ చేతిలో పెట్టింది.

తమ్ముడు పుట్టాడు. జుబ్బా వాడికి వదులైంది. నాయనమ్మ మూడు రోజులూ వాడి పక్కనుంచి కదల్లేదు. నాలుగో రోజు కడుపునిండా తిని పడుకుంది.

నాకిప్పుడు అరవై దాటాయి. మా ఇంట్లో మందుల డబ్బా, టార్చి, కాగితాల సంచి ఎక్కడుంటాయో మనవడిని అడిగినా చెబుతాడు. ఇవన్నీ ముందే ఎందుకు, అపశకునం అని విసుక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళతో నేను భయపడకండి అనను. భయం లేనిది ఎవరికి? మా కోడలి కాన్పుకు సంచి సర్దుతుంటే నాకూ చేతులు వణికాయి. వణుకుతూనే సర్దాను.