గుడి బొమ్మ ముందు విడిచిన చెప్పులు

2004లో నేను హిందూపురం కాలేజీలో సైకాలజీ రీడర్‌ని. లెక్చరర్‌కు పైన, ప్రొఫెసర్‌కు కింద ఉండే హోదా అది. కంప్యూటర్ సృష్టించిన లోకంలో మనుషులు ఎలా మసలుకుంటారో చూసే పరిశోధనలో ధర్మవరం కేంద్రాన్ని నాకు అప్పగించారు. మా కాలేజీకి అలాంటి పని దక్కడం అదే మొదలు. ప్రధాన పరిశోధకుడు బెంగళూరు ఆయన. కోపమొస్తే ఇంగ్లీషు తప్ప ఇంకేదీ నోట్లోంచి ఊడిపడేది కాదు.

పద్ధతి తేలికే. కళ్లను కప్పేలా తలకు తెర తొడుగుతాం. మనిషి గదిలో నడుస్తుంటే అందులో పెనుకొండ కోటవీధి లాంటి వీధి, చివర ఒక గుడి కనిపిస్తాయి. నడకను కొలిచే సెన్సర్లను చెప్పులకు కడతాం. తర్వాత ప్రశ్నావళి: నిజంగా అక్కడున్నట్టే అనిపించిందా?

మగ్గాల వీధుల నుంచి వచ్చినవాళ్లు చాలామంది "బొమ్మే కదా సారూ" అని నవ్వేశారు. పైగా గుడి దగ్గరికి రాగానే సెన్సర్లలో నడక ఆగిపోయేది. వాళ్లు చెప్పులు విడుస్తున్నారని, వద్దన్నా వినడం లేదని ఫోనులో ఎంత మొత్తుకున్నా బెంగళూరు ఆయన చెవికెక్కలేదు. ధర్మవరం ఫలితాలు చెత్త, కేంద్రం ఎత్తేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్కసారి వచ్చి కళ్లారా చూడండి, తర్వాత మీ ఇష్టం అన్నాను.

వచ్చాడు. ఆ రోజు నరసమ్మ అనే నేతపనామె వంతు. తెరలోని వీధి దాటి, గుడి గడప ముందు ఆగింది. చెప్పులు విడిచి, కాలితోనే పక్కకు నెట్టి, ఉత్తకాళ్లతో ముందుకు కదిలింది. సెన్సర్లు చెప్పులతోపాటే ఉండిపోయాయి.

ప్రయోగం మధ్యలో ఎవరూ మాట్లాడకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. అయినా ఉండబట్టలేక, "అమ్మా, అది వట్టి బొమ్మ, చెప్పులేసుకోండి" అనేశాడు.

"బొమ్మని నాకూ తెలుసులేప్పా! అయితే మాత్రం, గుళ్లోకి చెప్పులేసుకోని యాడన్నా పోతారా?" అని నరసమ్మ గదమాయించింది.

ఆయన కుర్చీ లాక్కున్నాడు. సాయంత్రం దాకా కూర్చుని మిగతావాళ్లనూ చూశాడు. వెళ్లేముందు, సెన్సర్లను చీలమండలకు కట్టమని, ఎవరు ఎక్కడ చెప్పులు విడిచారో విడిగా రాయమని చెప్పాడు. కేంద్రం నిలిచింది. పరిశోధన పత్రంలో ఆ చెప్పుల సంగతే ముఖ్య ఫలితంగా అచ్చయింది, మా కాలేజీ పేరుతో సహా. స్టాఫ్‌రూములో అందరికీ టీ పోయించాను. ఇప్పటికీ గర్వమే, దాచుకోను.

ఒకటి తెలియడం వేరు, దాని ముందు మసలుకోవడం వేరు. ప్రశ్నావళి మొదటిదాన్నే పట్టుకుంటుంది. రెండోది కావాలంటే పరిశోధకుడు వచ్చి కూర్చుని చూడాలి.