తువ్వాలు అంచున లైట్‌హౌస్

రుద్రంగిలో చుట్టాలింట్లో ఉన్నప్పుడు అడవిలోంచి అన్నలు వచ్చి అన్నమడిగితే మా బాపు పెట్టాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెట్టకపోతే వాళ్లతో భయం, పెడితే పోలీసులతో భయం. స్టేషన్‌లో తన పేరు రాసుకున్నారని తెలిసిన రోజే, సగం నేసిన బట్ట మగ్గం మీదే వదిలేసి సిరిసిల్ల దాటి పోయాడు. ఎక్కడికో అమ్మకు కూడా చెప్పలేదు.

ఆర్నెల్లకు నూలు లారీ డ్రైవరు ఒక తువ్వాలు తెచ్చిచ్చాడు. అంచున నలుపూ తెలుపూ పట్టీల స్తంభం, దాని నెత్తిన పసుపు చుక్క.

"మీ ఆయన నేసిందే. సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ పక్కన మగ్గం పని చేస్తుండు. పానం మంచిగనే ఉంది. ఊరి పేరు మాత్రం అడగకుండ్రి," అన్నాడు అమ్మతో.

నేనప్పుడు మూడో తరగతి. సముద్రమే చూడని దాన్ని. ఆ దీపం బాపుకు కాపలా కాస్తోందని నమ్మాను.

ఒక మధ్యాహ్నం పోలీసులొచ్చారు. ఇల్లంతా చిందరవందర చేశాక, కోస్తా నుంచి వచ్చిన ఎస్సై మొహం కడుక్కుని దండెం మీది ఆ తువ్వాలే లాగాడు. తుడుచుకుంటూ ఆగిపోయాడు.

"ఇది లైట్‌హౌస్ కదూ? ఎవరు నేశారు?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నేనే సార్. బిడ్డ పుస్తకంల బొమ్మ చూసి నేసిన," అంది అమ్మ.

"అయితే నేసి చూపించు."

మా ఇళ్లలో ఆడవాళ్లు నూలు కండెలు చుడతారు, మగ్గం మీద కూర్చోరు. అమ్మ కూర్చుంది. పోగును అటూ ఇటూ నడిపే నాడె రెండుసార్లు కిందపడింది, మూడోసారి నడిచింది. నాలుగు వేళ్ల మేర నేసింది. అంచు వంకరటింకర. తువ్వాలు అంచేమో గీత గీసినట్టుంది. ఎస్సై రెండూ చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కనిపెట్టీ ఊరుకున్నాడో, కనిపెట్టనే లేదో ఇప్పటికీ తెలియదు. ఎన్నాళ్లపాటో తలుపు చప్పుడైతే చాలు, బాపును పట్టుకున్నారన్న కబురే అనుకునేదాన్ని.

బాపు ఏళ్ల తర్వాత తిరిగొచ్చాడు. మొన్నామధ్య ముగ్గురం ఆ లైట్‌హౌస్ చూడ్డానికి వెళ్లాం. అది లేదు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన నీళ్లలోకి చెయ్యి చూపించాడు. తన చిన్నప్పుడు అది ఒడ్డుకు చాలా లోపల ఉండేదట. ఒక్కో తుఫానూ ఒడ్డును కోసుకుంటూ పోయి, చివరికి పట్టపగలే ఒరిగిపోయిందట.

"నాకు దాంతోని సచ్చేంత భయముండె బిడ్డా," అన్నాడు బాపు. "దీపం ఎలుగు నా దిక్కు తిరిగినప్పుడల్లా మొకం దాసుకునేటోన్ని."

నేను నమ్మిన కాపలా అది! నాకు ఏడుపొచ్చింది.

"ఏ ఊరండీ మీది?" అన్నాడు ముసలాయన.

"ఒంగోలు పక్కనండి," అన్నాడు బాపు తడుముకోకుండా. దాక్కున్నప్పటి అబద్ధం, అప్పటి యాసలోనే.

అమ్మ ఊరుకోలేదు. "సిరిసిల్ల! మాది సిరిసిల్ల," అని గట్టిగా అంది.

బాపు గబుక్కున వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.