గోపయ్యను దించిన రోజు

"సార్, గుండె దడదడ కొట్టుకుంటాంది. జర ఏదన్న గోలీ ఇయ్యి," అంటూ గోపయ్య మళ్లీ వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆ వారమంతా ఇదే వరస. నాచారంలో రంగులు తయారుచేసే ఓ ఫ్యాక్టరీలో కంపౌండర్ని నేను. త్రిమూర్తులు నా పేరు, మాది రాజమండ్రి దగ్గర. వేలు తెగితే కట్టు కడతాను, తల నొప్పంటే మాత్ర ఇస్తాను. భయానికి మందు నా దగ్గర ఎక్కడుంటుంది?

"నీ గుండె గుండ్రాయిలా ఉంది, పోవయ్యా," అని కసిరాను. పోలేదు. పైగా బల్ల మీద కూర్చున్నాడు.

గోపయ్యది ఉప్పల్. మా ప్రహరీ లోపల ఇప్పుడు థిన్నర్ డ్రమ్ములు పేర్చే చోటే ఒకప్పుడు అతని జొన్నచేను. చేను పోయాక అదే నేల మీద గడ్డి కోసే కూలీగా చేరాడు. "నా చేన్ల గడ్డి నేనే కోస్తున్న, గంతే గద సార్," అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. తిట్టాల్సినవాణ్ణి తిట్టాలి గానీ ఈ నవ్వేమిటి? పెళ్లాం లింగమ్మ, కొడుకు పాండురంగ, ఇదే అతని సంసారం. పాండురంగ పదో తరగతి తప్పి, మా దగ్గరే డ్రమ్ములు దొర్లించే పనిలో ఉన్నాడు. ఏ రోజు వద్దంటే ఆ రోజు పోవాల్సిన పని.

అంతకుముందు వేసవిలో థిన్నర్ షెడ్డు తగలబడింది. ఊళ్లోంచి ఫైరింజను వచ్చేసరికి బూడిద మిగిలింది. అప్పుడు మేనేజ్‌మెంటుకు జ్ఞానోదయమై, మనకంటూ ఒక ఫైర్‌మన్ ఉండాలంది. ఒక్కటే ఉద్యోగం, పర్మినెంటు. అంతే, క్యాంటీన్ రెండుగా చీలిపోయింది. అది డెబ్బయ్యో సంవత్సరం. తెలంగాణ గొడవల్లో లాఠీలు, కర్ఫ్యూలు చూసిన వేడి ఇంకా ఎవరికీ తగ్గలేదు. టీ కూడా వేరు వేరు బల్లల మీద తాగుతున్నారు.

"భూములు మాయి, నౌకరీలు మీయా?" అని ఈ బల్ల, ఇక్కడివాళ్లది.

"మంటలకు స్థానికుడినని ముల్కీ సర్టిఫికెట్ చూపిస్తే ఆరిపోతాయా? మెరిట్ ఉన్నవాడికివ్వాలి. మా తమ్ముడిది ఫస్టు క్లాసు," అని ఆ బల్ల, మా కోస్తావాళ్లది. ఈ మాట అన్నది అకౌంట్స్ గోపాలరావు. తమ్ముడు ఉమామహేశ్వర్ని మల్కాజిగిరిలో తన ఇంట్లోనే పెట్టుకుని ఉద్యోగం వెతుకుతున్నాడు.

"ఫస్టు క్లాసు చూపించినా ఆరవులే," అన్నాను నేను. నోరు ఊరుకోదు కదా! ఆ రోజు నుంచి గోపాలరావు నాతో మాటలు మానేశాడు. ఈ బల్లవాళ్లేమో కోస్తావాణ్ణని నన్ను ఎటూ నమ్మరు. నా టీ నేనొక్కణ్ణే తాగేవాణ్ణి.

ఈ పంచాయితీ తీర్చడానికి సైనిక్‌పురి నుంచి కెప్టెన్ అచ్యుతరావు అనే రిటైరైన మిలిటరీ మనిషిని పిలిపించారు. ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. "మార్కులొద్దు, ముల్కీ వద్దు. పై అంతస్తు కిటికీలోంచి స్పృహ తప్పిన మనిషిని భుజాన వేసుకుని, నిచ్చెన దిగి, గేటు దాకా ఎవడు త్వరగా తీసుకెళ్తే వాడిదే ఉద్యోగం."

రెండు బల్లలూ చప్పట్లు కొట్టాయి. మర్నాటికి మళ్లీ తగువు. ఇసుక బస్తా మోయించాలని వీళ్లు. బస్తాలు మోసీ మోసీ అలవాటైన హమాలీ కుర్రాళ్లకే అది లాభమని గోపాలరావు. అయితే నిజం మనిషినే మోయాలి, అందరూ ఒకే మనిషిని మోయాలి అన్నాడు కెప్టెన్. ఎవరెక్కుతారు? అందరూ ఫ్యాను వంక చూశారు. అనుభవం లేని కుర్రాళ్ల భుజాల మీద తలకిందులుగా వేలాడుతూ ఒకరి తర్వాత ఒకరితో నిచ్చెన దిగాలంటే ఎవరికి మాత్రం సరదా?

"నేనెక్కుత సార్," అంది వెనక నుంచి ఒక గొంతు. గోపయ్యది.

"అన్యాయం! ఇతని కొడుకు పోటీలో ఉన్నాడు!" గోపాలరావు లేచి నిలబడ్డాడు.

"అయితే నువ్వెక్కు," అన్నాడు కెప్టెన్. గోపాలరావు కూర్చున్నాడు. కూర్చుని, ఒట్టు వేయించమన్నాడు.

కెప్టెన్ విషయం విప్పి చెప్పాడు. భుజం మీది మనిషి మెడను గట్టిగా పట్టుకుంటే మోసేవాడికి తేలిక, చేతులు వదిలేస్తే బరువు. కనుక ఎవరు మోసినా చేతులు వదిలేసి ఉండాలి. పట్టుకున్నావంటే ఆ పరుగు లెక్కలోకి రాదు. గోపయ్య తన కొడుకును పిలిచి, వాడి నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "ఎవ్వలెత్తుకున్నా ఒక్క తీరుగనే ఉంట. పీనుగు లెక్క ఉంట. ఎవ్వల్నీ పట్టుకోను."

గోపయ్యకు గుండెదడ అప్పుడే మొదలైంది. దారిలో కనిపించిన ప్రతివాడూ "మామా, మనోళ్లకు తేలిగ్గ ఉండు, ఆళ్లకు బరువుగ ఉండు" అని చెవిలో ఊదడమే. ఇంట్లో లింగమ్మ అన్నం పెడుతూ, "ఒక్కడే కొడుకు. మెడకు జర చెయ్యి తగిలిస్తే నీ సొమ్మేం పోతది?" అనేదట.

"కొడుకు నెత్తి మీద ఒట్టు పెట్టిన సార్," అన్నాడు నా బల్ల మీద కూర్చుని. "తప్పితే వానికేమన్న అయితే? రేపు మంటల్లకు పోయెటోడు వాడే గద."

"మరెందుకు ఒప్పుకున్నావయ్యా, పనిలేక?"

"ఎవ్వలెక్కకుంటే పరీక్షే ఆగిపోతది. ఆగితే మల్ల మార్కులే జూస్తరు. మార్కులు జూస్తే మా పాండు యాడుంటడు?"

సరే, పడుకో అన్నాను, చేతులు వదిలెయ్యడం నేర్పుతానని. పడుకున్నాడు. చెయ్యి పైకెత్తి వదిలాను. కింద పడదే! గాల్లో అలాగే నిలబడి ఉంది. "వదిలెయ్యవయ్యా!" "ఇడిసిపెట్టిన్నే సార్," అంటాడు పళ్లు బిగించి. చెయ్యి మాత్రం దిగదు. నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. రోజూ వచ్చి అలా పడుకునేవాడు. పరీక్ష ముందు రోజుకు చెయ్యి కాస్త మాట వినడం మొదలుపెట్టింది.

పరీక్షనాడు టింక్చరు, దూది పట్టుకుని నిచ్చెన దగ్గరే కూర్చున్నాను. ఒక్కొక్కడూ వస్తున్నాడు, గోపయ్యను దించుతున్నాడు, గేటు దాకా పరిగెడుతున్నాడు. ప్రతిసారీ గోపయ్య చేతులు వేలాడుతూనే ఉన్నాయి గానీ కణతల మీద నరాలు తేలి, మొహం పాలిపోతోంది. గేటు దగ్గర దింపగానే చెంబెడు నీళ్లు తాగి మళ్లీ మెట్లెక్కుతున్నాడు. వద్దు, ఇక చాలు అని అరవాలనిపించింది నాకు.

పాండురంగ వంతు వచ్చింది. నా కళ్లు గోపయ్య చేతుల మీదే. ఆశ్చర్యం! చంటిపిల్లాడు నిద్రపోయినట్టు ఉన్నాడు. పళ్ల బిగింపు లేదు, నరాలు తేలడం లేదు. ఒళ్లంతా వదిలేసి కొడుకు వీపు మీద వాలిపోయాడు. ఆ బరువుకు పాండురంగ నడుం వంగింది, మెడ ఎర్రబడింది. అయినా దిగాడు, పరిగెత్తాడు. అప్పటిదాకా వచ్చినవాళ్లందరికంటే ముందున్నాడు. ఈ బల్లవాళ్లు ఈలలు వేశారు.

చివరివాడు ఉమామహేశ్వర్. నిచ్చెన సగం దిగాక కాలు జారింది. ఇద్దరూ ఒక పక్కకు ఊగారు. గోపయ్య చేతులు రెండూ ఆ కుర్రాడి మెడను చుట్టేశాయి. కుర్రాడు తమాయించుకుని దిగాడు, కుంటుతూనే పరిగెత్తి పాండురంగ కంటే రవ్వంత ముందు గేటు తాకాడు.

ఇక చూడండి గోల! "పట్టుకున్నడు, లెక్కలకు రాదు!" అని వీళ్లు. "లేదు, అది తూలడం!" అని వాళ్లు. కెప్టెన్ చెయ్యెత్తాడు.

"గోపయ్యా, నువ్వు చెప్పు. పట్టుకున్నావా?"

పట్టుకోలేదంటే ఆ కుర్రాడికి ఉద్యోగం, పట్టుకున్నానంటే తన కొడుక్కి. గోపయ్య పాండురంగ వంక చూశాడు.

"పట్టుకున్న సార్. కాలు జారంగనే భయమైంది."

"అబద్ధం! కొడుకు కోసం అబద్ధం!" గోపాలరావు కేక పెట్టాడు.

గోపయ్యను ఇంకోసారి దించమని ఆ కుర్రాడికే చెప్పాడు కెప్టెన్. ఉమామహేశ్వర్ని నా గదికి తీసుకొచ్చారు. మోకాలు కొబ్బరికాయంత వాచింది, అడుగు పడటంలేదు. చొక్కా పక్కకు జరిపితే మెడ మీద గోళ్లు దిగిన గుర్తులు, ఎర్రగా.

"గొంతు నులిమేశాడండీ బాబూ," అన్నాడు కుర్రాడు మెల్లగా. "నాకంటే ఆయనే ఎక్కువ భయపడ్డాడు."

"ఆ ముక్క బయటికొచ్చి చెప్పు మరి."

"మా అన్నయ్య చంపేస్తాడండీ," అని తల దించుకున్నాడు.

నేనే వెళ్లి చెప్పాను, గోళ్ల గుర్తులు నా కళ్లతో చూశానని. "నువ్వసలు మనవాడివేనా? ఎంతకు అమ్ముడుపోయావు?" అన్నాడు గోపాలరావు. నీ మొహం, అన్నాను నేనూ. కుర్రాడు నిలబడలేడని తేలాక కెప్టెన్ పాండురంగ పేరు చదివేశాడు. ఇంకో రోజు అవకాశం ఇవ్వాల్సిందేమో. నన్నెవరడిగారు?

ఈ బల్లవాళ్లు గోపయ్యను భుజాలకెత్తుకున్నారు. "మస్తు జేసినవ్ మామా! ఆళ్లకు మంచిగ టోపీ పెట్టినవ్!" "కాదుర, నిజంగనే పట్టుకున్న," అని అతను మొత్తుకున్నకొద్దీ వాళ్లు ఇంకా పగలబడి నవ్వారు. చివరికి పక్కటెముకలు నొప్పంటూ తప్పించుకుని నా గదిలోకి వచ్చిపడ్డాడు. బనీను విప్పి కాపడం పెడుతుంటే పాండురంగ వచ్చాడు. వస్తూనే తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. వాడి కళ్లలో నీళ్లు.

"నా కోసం ఒట్టు తప్పి అబద్ధమాడినవ్ నాయినా. సచ్చేదాక మర్చిపోను."

గోపయ్య లేచి కూర్చున్నాడు. "అబద్ధం గాదు బిడ్డా! ఆ పిలగాడు జారంగనే పానం పోయినట్లయింది, మెడ పట్టుకున్న. నీ మీదున్నప్పుడు నాకు భయమే గాలేదు. అందుకే నీకు గంత బరువైన."

"నిజంరా, గోళ్ల గుర్తులు నేను చూశాను," అన్నాను నేను.

పాండురంగ నా వంకా తండ్రి వంకా మార్చి మార్చి చూశాడు. కళ్లు తుడుచుకుని నవ్వాడు. వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు:

"మంచిగున్నది నాయినా. ఎవ్వలడిగినా గిట్లనే చెప్పు."