తాతగారి ఆసుపత్రిని అమ్మబోయినవాణ్ణి

ప్రభువునందు ప్రియ సహోదరులారా, నేను మన తిరువూరులో పత్తి మిల్లు నడిపే ప్రసాదుని, మూడేళ్ల క్రితం దాకా ఈ బజారులో నేను తిన్నగా నడవగా చూసినవాళ్లు మీలో ఎవరూ ఉండరు! తెల్లారితే తాగాల్సిందే, తాగకపోతే చేతులు వణికేవి, తాగితే మనసు వణికేది, మిల్లులో కూర్చుంటే ఇంటికి పోవాలని, ఇంటికొస్తే తాగడానికి పక్కనున్న విస్సన్నపేట పోవాలని, ఎక్కడా కుదురుండేది కాదు, మా ఆవిడ జయ అన్నం వడ్డించేలోపే కారెక్కి వెళ్లిపోయేవాణ్ణి.

మా తాతగారు కాకినాడ రేవు నుంచి ఓడలకి బియ్యం ఎగుమతి చేసిన పెద్ద వర్తకుడు, సంపాదించిందాంట్లో సగం పెట్టి అక్కడ పేదలకి ధర్మాసుపత్రి కట్టించారు. నాన్న పోయాక దాని పెత్తనం నాకొచ్చింది, ఆ స్థలం మీద నా కన్ను పడింది! రోగుల్ని ఖాళీ చేయించి అమ్మేద్దామని బయల్దేరితే జయ అడ్డం నిలబడింది.

"ఆయన పేరు చెప్పుకునేగా మనం తలెత్తుకు తిరుగుతున్నాం, దాన్నీ తాగేస్తారా?"

వినలేదు. ఆసుపత్రి వరండాలో మేనేజరు మీద అరుస్తూ అరుస్తూ రక్తం కక్కుకుని పడిపోయాను సహోదరులారా! కళ్లు తెరిస్తే నేను ఖాళీ చేయించబోయిన వార్డులోనే ఉన్నాను, పక్కన మరియమ్మ అనే పెద్దావిడ, అక్కడి ఆయా, నా వాంతి కడుగుతోంది.

"నేనిక్కడే పుట్టానండి బాబుగారూ, మా అమ్మ రేవులో మూటలు మోసేది, నొప్పులొస్తే ఎవరూ చేర్చుకోలేదంట, మీ తాతగారే తలుపు తీయించారంట" అంది.

"నేనెందుకొచ్చానో తెలుసా?" అన్నాను.

"తెలుసండి. మీ అరుపులు అందరం విన్నాం."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మంచం దిగి పారిపోబోయాను, ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "ప్రభువా, వీళ్ల తాతగారు మా అమ్మకి తలుపు తీశారు, నువ్వు ఈయనకి తియ్యి తండ్రీ" అని ఏడుస్తూ ప్రార్థించింది, నేనూ భోరుమన్నాను!

వణుకు వెంటనే పోలేదు, అబద్ధం చెప్పను, ఆ వార్డులోనే రెండు వారాలు నరకం చూశాను, రెండుసార్లు సీసా కోసం ఆసుపత్రి గేటు దాకా వెళ్లాను, "యేసయ్యా, పట్టుకో" అంటూ వెనక్కి వచ్చాను, ఆయన పట్టుకున్నాడు! దేవునికే మహిమ!

ఆసుపత్రి అమ్మలేదు. నా తర్వాత కూడా ఎవరూ అమ్మకుండా కాగితాలు రాయించేశాను. పోయినేడాది మరియమ్మ ప్రభువు సన్నిధికి వెళ్లిపోతే జయా నేనూ వెళ్లి మట్టి వేసి వచ్చాం.

ఇప్పటికీ సాయంత్రమైతే బ్రాందీ షాపు వీధి దాటడం నాకు యుద్ధమే, ప్రార్థించుకుంటూనే దాటుతున్నాను. మీలో ఎవరికైనా ఆ వీధి దాటడం కష్టంగా ఉంటే సిగ్గుపడకండి, మిల్లుకి రండి, ఇద్దరం కలిసి దాటుదాం, నడిపించేవాడు ఆయనే, స్తోత్రమంతా ఆయనకే!