గటకకు నిలవని పొయ్యి

ఎనభయ్యో దశకం చివర, ఒక జూన్ నెలలో, మెకానికల్ ఇంజనీరింగ్ శాఖలో రీడరుగా ఉన్న నన్ను మా విశ్వవిద్యాలయం ఇంధన పొదుపు కేంద్రానికి డైరెక్టరుగా వేసింది. పేరు పెద్దదే. చేతికిచ్చింది మాత్రం వర్క్‌షాపు వెనక రెండు గదులు, ఒక జీపు, ఇద్దరు పరిశోధన సహాయకులు, ఒక క్షేత్ర పర్యవేక్షకుడు. రీడరంటే ప్రొఫెసరుకు ఒక మెట్టు కింద. పొయ్యిల పనికి ప్రొఫెసర్లెవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఆ కుర్చీ నాదాకా వచ్చింది. నాకేమీ నామోషీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే ఎగిరి గంతేశాను.

కట్టె తక్కువ తినే పొయ్యికి నమూనా తయారుచేయడం, దాన్ని కట్టడం ఊళ్లలో ఆడవాళ్లకు నేర్పడం, కట్టినవాటిని తనిఖీ చేసి నిధులిచ్చే సంస్థకు నివేదిక పంపడం మా పని. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు మా పరిధి. నమూనాను పరీక్షించేది కూడా మేమే, మా గదిలోనే. తూచిన ఎండుకట్టె ముక్కలు పేర్చి, గిన్నెలో కొలిచిన నీళ్లు పోసి, థర్మామీటరు వేలాడదీసి, అవి మరగడానికి ఎంత కట్టె పట్టిందో చూసేవాళ్లం. దీన్ని నీళ్ల పరీక్ష అంటారు. మూడు రాళ్ల పొయ్యికి పట్టే కట్టెలో సగంతోనే మా పొయ్యి నీళ్లు మరిగించేది. పొగంతా గొట్టంలోంచి కప్పు పైకి పోయేది. అది చూసుకుని నేను మురిసిపోయిన మాట దాచను.

పొయ్యి మట్టిదే. చెరువుమట్టి, పేడ, ఊక కలిపి తొక్కి, మేమిచ్చిన ఇనుప అచ్చులో నింపి కట్టాలి. గోడ ఎంత మందం ఉండాలో, కుండ కూర్చునే గుంత ఎంత వెడల్పు ఉండాలో ఆ అచ్చే నిర్ణయిస్తుంది. అచ్చు దాటి వేలెడు మట్టి కూడా వేయొద్దని శిక్షణలో పదేపదే చెప్పింది నేనే.

రెండో ఏడు పర్యవేక్షకుడు ఒక నోటు పెట్టాడు. అచ్చంపేట తోవలో ఒక ఊళ్లో మా పొయ్యిలు వరసగా పగులుతున్నాయి, కట్టినామె మట్టి సరిగా తొక్కడం లేదు, ఆమెను జాబితా నుంచి తీసేయాలి అని దాని సారాంశం. ఆమె పేరు మరియమ్మ. గుంట భూమి లేని కూలి మనిషి, మా దగ్గర మొదటి జట్టులో పని నేర్చుకుంది. జాబితాలో పేరుంటేనే చుట్టుపక్కల ఊళ్లలో పొయ్యిలు కట్టే పని దొరుకుతుంది. పేరు పోతే మళ్లీ కలుపుకో మట్టి మోతకో పోవలసిందే. నేను పెద్దగా ఆలోచించకుండా తొలగింపు కాగితం మీద సంతకం పెట్టి సంచిలో వేసుకున్నాను. ఇచ్చేముందు ఒకసారి చూడాలని ఊరికి కబురు పెట్టి జీపెక్కాను, అంతవరకు నయం.

మొదటి మూడిళ్లలో పొయ్యిలు చూసి ఆశ్చర్యపోయాను. ఎర్రమట్టితో అలికి, అంచు చుట్టూ ముగ్గు గీతలు వేసి, ముట్టుకుంటే మాసిపోయేలా ఉన్నాయి. ఒక్క పగులు కనబడలేదు. పర్యవేక్షకుణ్ణి లోలోపల తిట్టుకుంటూ తనిఖీ పత్రంలో "వాడుకలో ఉంది, నిర్వహణ బాగుంది" అని మూడుసార్లు రాశాను. నాలుగోది దర్జీ ఇల్లు. అక్కడా అదే మాట రాయబోతుంటే దర్జీ భార్య ఖాసింబీ ఏం రాస్తున్నానో అడిగింది. చదివి వినిపించాను.

"పొయ్యికి మసి ఉందా సారూ?" అంది. లేదన్నాను.

"మసి లేకుంటె వండనట్లే గద. పెద్దసారు వస్తున్నడని పలిగినకాడ మెత్తి అలికినం. వంట దొడ్ల మూడు రాళ్ల మీదనే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, వండే పొయ్యికి మసి ఉంటుందన్న సంగతి తట్టలేదు. ఇంతలో జీపు చూసి నలుగురూ చేరారు. మరియమ్మ కూడా వచ్చి ఓ పక్కన నిలబడింది. "గామె కట్టిన పొయ్యిలన్నీ పలిగినయి సారూ" అని ఒక పెద్దామె ఆమె ముందే అంది. మరియమ్మ నన్నే అడిగింది.

"గీ పొయ్యి మీద మీరు ఏం వండి చూసిన్రు సారూ?"

"నీళ్లు కాగబెట్టి చూసినం" అన్నాను.

ఖాసింబీ నవ్వు ఆపుకోలేకపోయింది. "మేం గటక తింటం సారూ" అంది.

జొన్నరవ్వను ఉడికించి, గట్టిపడేదాకా తెడ్డుతో కెలికితే గటక. దగ్గరపడ్డాక రెండు చేతులా తెడ్డు పట్టి భుజాల బలమంతా వేయాలి. ఖాసింబీ అప్పటికప్పుడు పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది. రవ్వ దగ్గరపడి కెలకడం మొదలయ్యేసరికి కుండ గుంతలో అటూ ఇటూ ఊగి, పలచటి అంచు మీదికి ఒరిగింది. మెత్తినచోటే మళ్లీ చీలిక వచ్చి, అందులోంచి పొగ నేరుగా ఆమె ముఖానికి కొట్టింది. మూడు రాళ్ల మధ్య అయితే కుండ బిగుసుకుని కదలదు. మా గుంత నున్నగా, గుండ్రంగా ఉంది. కదలని గిన్నెలో నీళ్లు మరగడానికి అది ఎంతో బాగుంటుంది.

సిగ్గుపడ్డాను. మాది హుజూర్‌నగర్ దగ్గర ఊరు. సాగర్ కాలువ రాకముందు మా అమ్మా గటకే కెలికేది. కాలువతో వరి వచ్చింది, గటక మా ఇంట్లోంచి పోయింది, నా బుర్రలోంచీ పోయింది. ఎక్కడో పుట్టి వచ్చినవాడు ఈ పొరపాటు చేస్తే సరిపెట్టుకోవచ్చు.

మట్టి ఎలా తొక్కావని మరియమ్మను అడిగాను. "మీరు చెప్పినట్లే తొక్కిన, చెప్పినట్లే కట్టిన. ఏలెడు ఎక్కువ ఎయ్యలే" అంది. ఖాసింబీ మధ్యలో అందుకుని, "జర ఆమె ఇంటికి పోయి చూడుండ్రి" అంది. అక్కడ చూసేదేం లేదని మరియమ్మ తోవకు అడ్డం నిలబడింది. అయినా వెళ్లాను.

ఆమె పొయ్యి నల్లగా మసిబారి ఉంది. అంచు మా అచ్చుకు రెట్టింపు మందం. గుంత లోపల మూడు మట్టిగడ్డలు, కుండను మూడు వైపులా బిగించేలా. ఎక్కడా చీలిక లేదు. మూలన మంచం మీద ఆమె అత్త కూర్చుని నన్ను ఎగాదిగా చూస్తోంది.

"తప్పయింది సారూ, అచ్చు దాటిన" అంది మరియమ్మ. "మా అత్తకు దమ్ము, ఆయాసం. పొగకు ఓర్వది, గటక లేకుంటె తినది. నేనేం జెయ్యాలె?"

అందరికీ ఇలాగే ఎందుకు కట్టలేదని అడిగాను. కడితే పేరు తీసేస్తారని భయపడిందట. నేను చెప్పినట్టు కట్టినందుకు ఆమె పేరు తీసేసే కాగితం అప్పుడు నా సంచిలోనే ఉంది. ఆ సంగతి ఆమెతో చెప్పలేకపోయాను.

తిరిగి వచ్చాక ఆ పొయ్యి కొలతలతో కొత్త అచ్చు చేయించాను. గడ్డల మధ్య సందుల్లోంచి కొంత వేడి పోవడంతో నీళ్ల పరీక్షలో పాతదానికంటే వెనకబడింది. సహాయకులు మూతి ముడిచారు. నిధులిచ్చే సంస్థలో ఒక అధికారి, ఆ ఊరి మట్టి మంచిది కాదని రాసి చేతులు దులుపుకోమని స్నేహంగానే సలహా ఇచ్చాడు. నేను తొలగింపు కాగితం రద్దుచేసి ఫైల్లో ఇలా రాశాను: "పగుళ్లకు కారణం నమూనా లోపం. నమూనాకు బాధ్యుడు డైరెక్టరు. మరియమ్మ పనిలో లోపం లేదు." దానికి ఫలితంగా ఒక పంటకాలం మొత్తం మాకు కొత్త ఊళ్లు ఇవ్వకుండా ఆపారు. ఆ తర్వాత సంస్థవాళ్లే వర్క్‌షాపుకు వచ్చారు. మరియమ్మ కొత్త పొయ్యి మీద గటక కెలికింది, వాళ్లు తిన్నారు, అచ్చుకు అనుమతి వచ్చింది. అప్పటినుంచి నీళ్ల పరీక్ష పక్కన గటక పరీక్ష కూడా పెట్టాం.

ఆ రోజే ఫైలు తెప్పించి, నేను రాసిన మూడు వాక్యాలు మరియమ్మకు చదివి వినిపించాను. సంతోషపడుతుందనుకున్నాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"మంచిగ రాసిన్రు సారూ" అంది. "గది గీ ఆఫీసుల ఉంటె మా ఊర్ల ఎవరికి ఎర్క?"

మరుసటి వారం ఆ కాగితం నకలు పట్టుకుని ఊరికి వెళ్లి, ఖాసింబీ ఇంటి ముందు అందరినీ పిలిచి, గట్టిగా చదివాను. తప్పు నాదని నలుగురిలో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. చదవడం అయ్యాక, ఆనాడు మరియమ్మను ముఖం మీదే అన్న పెద్దామె లేచి, "రేపు మట్టి తొక్కి పెడ్త, వచ్చి నా పొయ్యి కట్టు బిడ్డా" అంది. మరియమ్మ ఎల్లుండి వస్తానంది. రేపటికి వేరే ఇంట్లో ఒప్పుకుందట.

తర్వాత తొంభైల్లో చాలాకాలం ఆ కేంద్రాన్ని నేనే నడిపాను. సోలార్ దీపాల్లోనో గోబర్ గ్యాస్ తొట్లలోనో లోపం మాదని తేలినప్పుడల్లా, ఫైల్లో రాసి ఊరుకోలేదు. నింద ఎవరి మీద పడిందో కనుక్కుని, వాళ్ల ఊరికే వెళ్లి, వాళ్లను మాటలన్నవాళ్ల ముందే ఆ కాగితం చదివి వచ్చాం. అలా చేయాలని ఏ నిబంధనలోనూ లేదు, చేయకూడదనీ లేదు.