నెలనెలా రిటైరైన కోటయ్య

గ్లోరీ రాయపూర్ శివారు భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కంప్యూటరు ఆపరేటరు. ఆదివారం చర్చిలో దేవుడికి తప్ప ఎవరికీ భయపడేది కాదు.

2008లో రాయపూర్ తెలుగు సంఘం హాల్లో ఒకే పూట ఒకరి నిశ్చితార్థం, ఇంకొకరి పెద్దకర్మ వచ్చి పడ్డాయి. పెళ్లివారు కర్మ గారెలు తినేశారు. బుకింగులన్నీ కార్యదర్శి వెంకటరత్నం బుర్రలోనే ఉండేవి. ఆ బుర్రలో ఎంత ఖాళీ ఉందో ఊరికి ఆరోజు తెలిసింది.

"ఇంటర్నెట్‌లో క్యాలెండరు పెడతాను అంకుల్. హాలు ఎప్పుడు ఎవరిదో అందరూ చూసుకోవచ్చు," అంది గ్లోరీ.

"పెట్టమ్మా. పైన నా పేరుండాల."

పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాష నేర్చుకుంటూనే ప్రోగ్రాము రాసింది. అది ఒకే పూటకు రెండు బుకింగులు పడనివ్వదు. కార్యక్రమానికి ముందురోజు సభ్యులకు ఈమెయిలు పోతుంది. నెలనెలా జరిగే భజన కోసం 'ప్రతి నెలా' అని ఒక గడి కూడా పెట్టింది.

గడి కనిపిస్తే టిక్కు కొట్టడం వెంకటరత్నం స్వభావం. రైల్వే గార్డు కోటయ్య రిటైర్మెంటు సన్మానాన్ని అలాగే ఎక్కించాడు. సన్మానం ఘనంగా జరిగింది. మరుసటి నెల మళ్లీ ఈమెయిళ్లు వెళ్లాయి. జనం దండలతో వచ్చారు. కోటయ్య అదే సూటులో వచ్చి, మొదటిసారి తిట్టడం మరిచిపోయిన అధికారులందరినీ ఈసారి తిట్టాడు.

"గడ్‌బడ్ అయింది అంకుల్, ఇవాళ సన్మానం లేదు," అని గ్లోరీ ఆయన చెవిలో చెప్పింది.

"లేకపోతే ఈ దండలేటమ్మా?"

గ్లోరీ వెళ్లి వెంకటరత్నం మీద విరుచుకుపడింది. "టిక్కు ఎందుకు పెట్టారు?"

"గడి ఎందుకెట్టేవు?"

ఆమెకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లి ఆలోచిస్తే ముసలాయన అన్నదీ నిజమే అనిపించింది. సేవ్ చేసేముందు రాబోయే తేదీలన్నీ తెర మీద చూపించి, 'సరేనా?' అని అడిగేలా మార్చింది. రాబోయే నెలల్లో పడ్డ కోటయ్య సన్మానాలన్నీ తీసేసింది.

కోటయ్య ఆమె ఆఫీసుకే వచ్చేశాడు. "నాది తీసీసేవా? ఇంటికాడ నా మాట ఇనీవోళ్లు లేరమ్మా."

నవ్వబోయిన గ్లోరీ ఆగిపోయింది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మౌసు పట్టడం నేర్పింది. క్యాలెండరు ఆయనకే అప్పగించింది.

ఇప్పుడది ఫోన్లలోనూ వస్తుంది. ప్రోగ్రాములో లోపాలు గ్లోరీ సరిచేస్తుంది, బుకింగులు కోటయ్య చూస్తాడు. మొన్న వెంకటరత్నం తన మనవడి బారసాలకు హాలు అడిగితే, "ఆ పూట లైన్లో వేరే బండుంది, ఆగండి," అని ఫోను పెట్టేశాడు.