ఆమె చేయి చల్లబడకుండా

నా రూమ్మేట్ వేళ్ళు చలికి తెల్లబడతాయని మొదట చూసింది నేనే. కెనడాలోని రెజైనాకు వచ్చి పది రోజులు కూడా కాలేదు. జనవరి. కాలేజీకి వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఫోన్ చూసుకోవడానికి ఆమె గ్లోవ్ తీసింది. కుడిచేతి మూడు వేళ్ళు కొసల నుంచి రెండో కణుపు దాకా సున్నం పూసినట్టు ఉన్నాయి.

"ఏందే ఇది? చూపియ్," అన్నాను.

"చిన్నప్పటి నుంచీ అంతేలే. మా ఊళ్ళో ఏసీ హాల్లో సినిమా చూసినా ఇలాగే అయ్యేవి. కాసేపటికి అదే పోద్ది."

ఆమెది భీమవరం వైపు. నాది నిజామాబాద్ దగ్గర పల్లె. నా చేతులు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. బస్సు వచ్చేదాకా ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దాను. అప్పుడు నాకు ఆమె మీద ఏ అసూయా లేదు. ఒకే బ్యాచ్‌లో వచ్చాం, ఒకే ఇంటి బేస్‌మెంట్లో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి ఉన్నాం, నేను వండితే ఆమె గిన్నెలు కడిగేది.

మా వైపు ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ కొత్త కాదు. ఆరో తరగతిలో మా పీఈటీ సార్ నా చేతిలో బంతి పెట్టారు. నేను పిచ్చర్‌ని. అంటే బ్యాట్ పట్టుకున్న మనిషికి బంతి వేసేదాన్ని. క్రికెట్‌లోలా పైనుంచి కాదు, చేతిని గానుగలా ఒక చుట్టు తిప్పి తొడ పక్క నుంచి వదలాలి. జిల్లాకు ఆడాను, రాష్ట్రానికి ఆడాను. కెనడా వచ్చేటప్పుడు సూట్‌కేసులో బరువు ఎక్కువైతే పచ్చళ్ళ డబ్బా ఒకటి తీసేసి నా గ్లోవ్ పెట్టుకున్నాను. మా అమ్మ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ ఎండాకాలం కాలేజీ నోటీసు బోర్డు మీద మహిళల సాఫ్ట్‌బాల్ టీమ్ కాగితం కనిపించింది. శరదృతువులో ఆరు వారాల ఆటలు. నేను పేరు ఇచ్చాను. ప్రాక్టీసుకు ఎదుట బంతి పట్టుకునే మనిషి కావాలి కదా, రూమ్మేట్‌ను ఇంటి వెనక పార్కింగ్‌లో నిలబెట్టాను. ఆమె కాలేజీలో త్రోబాల్ తప్ప ఏమీ ఆడలేదు. రెండు వారాలు బంతి పట్టింది. మూడో వారం, "నేనూ ఒకటి వెయ్యనా?" అంది.

చెయ్యి ఎలా తిప్పాలో, మణికట్టు ఎక్కడ విరవాలో, వేళ్ళ కొసలతో బంతిని ఎలా వదలాలో అన్నీ నేనే చెప్పాను. ఆమె పొడగరి. వేళ్ళు పొడుగు. ఆగస్టు సగానికి ఆమె బంతి నా గ్లోవ్‌లో పడితే అరచేయి చురుక్కుమనేది. నాకు ఆరేళ్ళు పట్టినది ఆమెకు ఆరు వారాల్లో వచ్చింది. "మస్తు వేస్తున్నవే," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. లోపల ఏదో కొంచెం కలుక్కుమన్నది కూడా నిజమే.

మొదటి ప్రాక్టీసుకు ఊరికే తోడు వచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే ఏం చేస్తానంది. మా కోచ్ అరవై దాటిన మనిషి, స్కూలు బస్సు నడిపి రిటైర్ అయింది. గట్టున కూర్చున్న నా రూమ్మేట్ వైపు ఎవరో వదిలేసిన బంతి దొర్లింది. ఆమె దాన్ని తీసుకుని, నేను నేర్పినట్టే చెయ్యి తిప్పి, వెనక్కి వేసింది. కోచ్ విజిల్ నోట్లోంచి తీసి నిలబడిపోయింది.

"నీకు ఇది ఎవరు నేర్పారు?" అని అడిగింది ఇంగ్లీషులో.

రూమ్మేట్ నన్ను చూపించింది. కోచ్ నా వైపు చూసి, బాగుంది అన్నట్టు తలూపి, మళ్ళీ ఆమె వైపు తిరిగింది. ఆ తిరగడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. వారం తిరిగేసరికి ఆమె మొదటి పిచ్చర్, నేను రెండో పిచ్చర్. రెండో పిచ్చర్ అంటే ఎక్కువసేపు బెంచీ మీద ఉండే మనిషి.

సెప్టెంబర్ మూడో వారానికే చలి దిగింది. రెజైనా మైదానంలో గాలిని ఆపడానికి ఒక చెట్టు కూడా లేదు. రెండో మ్యాచ్‌లో ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. బంతి వేసే చేతికి గ్లోవ్ తొడగకూడదు, అది రూలు. కాబట్టి మేం బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ ఆమె చేతిని వెచ్చగా ఉంచాలి. కోచ్ అందరినీ పిలిచి, "మన సీజన్ అంతా ఈ చేతి మీదే ఉంది," అంది.

ఇక ఆ చేతి వైభోగం చెప్పనక్కర్లేదు. కోచ్ చనిపోయిన తన భర్తది, లోపల గొర్రె ఉన్ని ఉన్న తోలు గ్లోవ్ తెచ్చి, స్వయంగా ఆమెకు తొడిగింది. ఆమె వేసే బంతులు పట్టే క్యాచర్ పిల్ల ఆమె పక్కన కూర్చుని మణికట్టు రుద్దేది. వచ్చినవాళ్ళంతా ముందు "చేయి ఎలా ఉంది?" అనే అడిగేవాళ్ళు. మా ఇంటి ఓనర్ ఆంటీ కాకినాడ మనిషి, నర్సు. ప్రతి ఆదివారం సాయంత్రం పైన ప్రార్థన పెట్టుకుని మా నలుగురినీ పిలిచేవారు. అందరివీ చదువులు, పర్మిట్లు దేవుడికి అప్పగించాక, "ప్రభువా, ఈ బిడ్డ కుడిచేతిని నీ చేతితో పట్టుకో," అన్నారు ఒక వారం. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచే ఉంచాను. ఆ చేయి సోఫా మీద హాయిగా ఉంది.

నా చేతికి చలి వేస్తుందా అని ఎవరూ అడగలేదు. వేయదు, అది వేరే సంగతి.

నన్ను ఎక్కువ బాధపెట్టిన పని మాత్రం నేనే కోరి నెత్తిన పెట్టుకున్నాను. డ్రయ్యర్‌లో కుంచించుకుపోయిన నా బూడిదరంగు స్వెటర్ చేతిని కోసి, రెండు పొరలు వేసి, అటూ ఇటూ తెరిచిన సంచిలా కుట్టి, నడుముకు కట్టుకునేలా పట్టీ పెట్టాను. చేయి అందులో దూర్చి కూర్చోవచ్చు. లోపల వేడి పొట్లాలు పెట్టాలి. అవి ఇక్కడ ప్రతి షాపులో దొరుకుతాయి. కవరు చించి గాలి తగలనిస్తే ఇరవై నిమిషాల్లో వేడెక్కుతాయి, కొన్ని గంటలు ఉంటాయి, తర్వాత గట్టిపడి పనికిరావు. సంచి చూసి కోచ్ నా భుజం తట్టి, "ఇక దీని బాధ్యత నీదే," అంది. పిచ్చర్‌గా వచ్చిన నేను ఆమె చేతికి కాపలా మనిషినయ్యాను. నవ్వుతూనే సరేనన్నాను.

ఆ సీజన్ చివరి మ్యాచ్ అక్టోబర్‌లో, శనివారం మధ్యాహ్నం. నాలుగు డిగ్రీలు, దానికి తోడు గాలి. పొద్దున బ్యాగ్ సర్దుతుంటే గురువారం ప్రాక్టీసులో వాడేసిన పొట్లాలు రెండు సంచిలోనే కనిపించాయి. రాళ్ళలా ఉన్నాయి. కొత్తవి అల్మారాలో ఉన్నాయి. నేను అల్మారా దాకా వెళ్ళాను. తలుపు తీశాను. మళ్ళీ మూశాను. పొరపాటున మరిచిపోయానని చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ తలుపు చప్పుడు నాకు గుర్తుంది.

ఏడు ఇన్నింగ్స్‌లో మొదటి రెండూ బాగానే వేసింది. మూడోదానికి ముందు సంచిలో చేయి పెట్టి నా వైపు చూసింది.

"వేడి రావట్లేదేంటే?"

"ఇప్పుడే విప్పిన. ఆగు, వస్తది."

నమ్మింది. కదిలించుకుంటూ, ఊదుకుంటూ కూర్చుంది. మళ్ళీ మైదానంలోకి వెళ్ళి వేసిన నాలుగో బంతి ఆమె చేతిలోంచి ముందే జారిపోయింది. వేళ్ళకు స్పర్శ లేకపోతే బంతి ఎప్పుడు వదిలామో తెలియదు. అది నేరుగా వెళ్ళి బ్యాట్ పట్టుకున్న అవతలి టీమ్ అమ్మాయి మోచేతికి తగిలింది. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద కూలబడింది. నా రూమ్మేట్ పరిగెత్తుకెళ్ళి, తెల్లబడ్డ తన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడింది. వాపు తప్ప ఏమీ కాలేదని తర్వాత తెలిసింది. ఆ పది నిమిషాలు మాత్రం ఏమైందో ఎవరికీ తెలియలేదు.

కోచ్ నా వైపు చూసి, "నువ్వు వెళ్ళు," అంది.

వెళ్ళాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను బ్రహ్మాండంగా వేశాను. నా చేయి వెచ్చగా ఉంది, బంతి చెప్పిన మాట విన్నది, మిగిలిన ఇన్నింగ్స్ అన్నిటిలో ఒక్క పరుగే ఇచ్చాను. గెలిచాం. అందరూ నన్ను పట్టుకుని గెంతారు. ఆ కాసేపూ నేను నిజంగా సంతోషపడ్డాను. బెంచీ చివర ఆమె సంచి విప్పి లోపల చూసుకుంటోందని గమనించినా కూడా.

ఇంటికి వచ్చాక వంటగది గట్టు మీద రెండు పొట్లాలూ పెట్టింది. టక్కుమని చప్పుడైంది.

"ఇవెప్పటివి?"

"గురువారంవి."

"తెలిసే పెట్టావా?"

అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "తెలిసే పెట్టిన," అన్నాను.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "నువ్వు వేస్తానంటే నేను తప్పుకునేదాన్ని కదే. ఒక్కసారైనా అడిగావా?"

"నేనెందుకు అడగాలె? నేర్పింది నేను. నీ చేతికి చలైతుందని ఊరంతా ఏడుస్తది. నేనొక దాన్ని ఉన్నానని ఎవరికన్నా ఎర్కనా?" అన్నాను. తప్పు చేసిన దాన్ని నేను, కోపం కూడా నాకే వచ్చింది.

"ఆ అమ్మాయి చెయ్యి విరిగుంటే?" అంది. ఆమె గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు కోచ్ ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. వాకిట్లో ఆకులు ఊడుస్తోంది. మొత్తం విని, చీపురు గోడకు ఆనించి, "దెబ్బ తగిలిన అమ్మాయికి ఫోన్ చేసి నువ్వే చెప్పు. వచ్చే సీజన్ మొదటి రెండు మ్యాచ్‌లు నువ్వు ఆడవు," అంది. తిట్టలేదు, ఊరడించనూ లేదు. ఫోన్ చేశాను. ఆ అమ్మాయి, "చెప్పినందుకు థాంక్స్, కానీ నాకు కోపంగానే ఉంది," అంది. న్యాయమే అనిపించింది.

రూమ్మేట్ నాతో మాట్లాడటం మానలేదు, అవసరమైనవే మాట్లాడేది. లాండ్రీ అయిందా, పాలు ఉన్నాయా, ఆంటీ పిలుస్తున్నారు. నలుగురం ఉన్న బేస్‌మెంట్లో ఆ ముక్తసరి మాటలు ఎంత పెద్దగా వినిపిస్తాయో ఆ చలికాలమంతా విన్నాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పార్ట్‌టైమ్ పని నుంచి వస్తూ ఆమె బస్సులో ఒక గ్లోవ్ పోగొట్టుకుంది. తాళం తిప్పలేక తలుపు మీద మోచేత్తో కొడుతోంది. తీశాను. వేళ్ళే కాదు, అరచేయి సగం తెల్లగా ఉంది. చేయి ముందుకు చాపింది. మెట్ల మీదే కూర్చోబెట్టి నా చేతుల్లోకి తీసుకున్నాను. తెలుపు పోయి నీలం, నీలం పోయి ఎరుపు వచ్చింది. రక్తం తిరిగి వచ్చేటప్పుడు చాలా నొప్పి పెడుతుందట, ఏడ్చింది. "ఇంక చాల్లే," అని చేయి లాక్కుని లోపలికి వెళ్ళింది. ఆ రాత్రి నా ప్లేటులో కూడా అన్నం పెట్టింది.

ఆ ఏడు వేసవి ఆటలు కూడా పెట్టారు, టీమ్ మళ్ళీ మొదలైంది. మే నెలలో ఇంకా చలే. నా రెండు మ్యాచ్‌ల శిక్ష అయ్యాక కోచ్ మమ్మల్ని మార్చి మార్చి వేయించింది. అయితే ఆమె చేతి సంగతి చూసే పని నాకు ఇవ్వలేదు. వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయికి ఇచ్చింది. ఆ పిల్ల మ్యాచ్‌కు గంట ముందే పొట్లాలు విప్పి, చెంపకు ఆనించి చూసి, ఆమె చేతికి అందించేది. ఆమె ఏమీ చూసుకోకుండా చేయి పెట్టేది. బంతి నా చేతికి వచ్చింది, నేను కోరుకున్నది అదే. అయినా ఆ పిల్లను చూస్తే కడుపు మండేది. అలా కళ్ళు మూసుకుని చేయి పెట్టేంత నమ్మకం ఒకప్పుడు నా మీదే ఉండేది.

చదువు అయ్యాక ఆమెకు మరో రాష్ట్రంలోని విండ్సర్‌లో, కార్ల విడిభాగాల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నేను రెజైనాలోనే ఉండిపోయాను. ఆమె వెళ్ళిన రెండో నెలలో ఫోన్ చేసింది. ఇల్లు, డ్రైవింగ్ క్లాసులు, పర్మిట్ కోసం అప్లై చేసిన కాగితాలు, అన్నీ అయ్యాక అక్కడ ఒక టీమ్‌లో చేరానంది.

"చెయ్యి ఎవరు చూస్తున్నరు?" అని అడిగాను.

"ఎవరూ లేరే. నేనే చూసుకుంటున్నా."

నాకు సంతోషం వేసింది. అది మంచి సంతోషం కాదని తెలుసు. అయినా వేసింది.

"నువ్వు ఎలా వేస్తున్నావ్?" అంది.

"మంచిగనే. పోయిన ఆదివారం ఏడుగురిని బ్యాట్‌కి బంతి తగలకుండనే ఔట్ చేసిన."

"ఏడుగురా? ఒక్క మ్యాచ్‌లోనే?" అంది. "నేనెప్పుడూ ఆరు దాటలేదే." కంగ్రాట్స్ అంది గానీ, ఆ మాట కొంచెం ఆలస్యంగా, కొంచెం గట్టిగా వచ్చింది. తర్వాత అవతలి టీమ్ ఎలాంటిదని అడిగింది. మరీ కొత్తవాళ్ళేమో అంది. గాలి ఎటు వైపు ఉందని కూడా అడిగింది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు, ఒకప్పుడు అది నాదే. అడిగినవాటికన్నిటికీ ఓపికగా, వివరంగా జవాబు చెప్పాను.